బిడ్డ నోట్లోని ముద్ద

ఆ ఆదివారం నేను సాక్ష్యం చెబితే హాలంతా చప్పట్లు కొట్టింది.

పటాన్‌చెరులో రంగయ్య సేటు కిరాణా దుకాణం పైన రేకుల హాలులో మా ప్రార్థన కూడిక జరుగుతుంది. కింద నుంచి బెల్లం, ఎండుమిర్చి వాసన వస్తూ ఉంటుంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు అదే మొదలు.

"బోనాల నాడు మా అత్త నా బిడ్డ నోట్ల పెట్టిన ముద్దను నేను ఏలు పెట్టి తీసేసిన" అన్నాను.

వెనక వరుస నుంచి ఎవరో "స్తోత్రం" అని అరిచారు. మా కూడిక నడిపే వీరలక్ష్మక్క లేచి వచ్చి నా నెత్తిన చేయి పెట్టింది.

"చూశారా! విడుదలంటే ఇదీ. భయం నుంచి విడుదల, మనుషుల నుంచి విడుదల. ఇంత చిన్నపిల్ల నిలబడిందంటే మనం నిలబడలేమా?"

మళ్ళీ చప్పట్లు. నేను మాత్రం చాప మీద కూర్చోబెట్టి వచ్చిన నా రుచితనే చూస్తున్నాను. అది దగ్గుతోంది. దగ్గినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోందా లేదా అని నా చూపంతా అక్కడే. దానికి మూడేళ్ళు. మందుల కంపెనీల వాసన ఎక్కువైన రోజు దానికి ఆయాసం వస్తుంది. అప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. దాన్ని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ, "ఏం కాదు, ఏం కాదు" అంటూ వరండాలో తిరిగే మనిషి మా అత్త. ఆ అత్త అప్పటికే మా ఇంట్లో లేదు.

అత్త పేరు శివమ్మ. కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో మేముండే ఇల్లు ఆమె పేరు మీద వచ్చింది. నా భర్త పవన్ మందుల కంపెనీలో ఆపరేటర్, షిఫ్టుల డ్యూటీ. నేను ఇంకో కంపెనీలో ప్యాకింగ్‌కు పోయేదాన్ని. బిడ్డను అత్త చూసుకునేది.

వీరలక్ష్మక్క వాళ్ళది గోదావరి వైపు. ఆమె భర్త నరసరాజు గారికి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి స్థిరపడ్డారు. రుచిత ఏడాది పిల్లప్పుడు ఆయాసంతో ఆసుపత్రిలో ఉంటే, పక్క మంచం వాళ్ళను చూడటానికి వచ్చిన అక్క నా బిడ్డ మీద కూడా చేయి వేసి ప్రార్థన చేసింది. బిడ్డ కోలుకుంది. నేను అక్క వెంట నడిచాను, బాప్తిస్మం తీసుకున్నాను. చదువు సగంలో ఆగినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఎవరైనా తడుముకోకుండా మాట్లాడితే అదే నిజమనుకుంటాం. అక్క ఎప్పుడూ తడుముకునేది కాదు.

ఇంట్లో గొడవ కాలేదు. "నీ దేవుడు నీకు, పోచమ్మ తల్లి మా అమ్మకు, నాకు బి షిఫ్టు" అని పవన్ నవ్వేవాడు. ఆదివారం నేను ఆలస్యం చేస్తుంటే అత్తే, "ఏందే, ఇయ్యాల పోవా? నీ పాటలోళ్ళు నిన్ను ఇడిచిపెట్టిన్రా?" అని ఎగతాళి చేసి, బిడ్డకు జడవేసి పంపేది. పండుగల నాడు నేను లోపలి గదిలో ఉండేదాన్ని. ఆమె అడిగేది కాదు, నేను చెప్పేదాన్ని కాదు.

ఈ ఏడు ఆషాఢంలో కాలనీ ఆడవాళ్ళంతా కలిసి బోనాలు చేశారు. సంగారెడ్డి నుంచి అత్త తమ్ముడు సంగయ్య మామ, ఆయన భార్య లక్ష్మీనరసమ్మ వచ్చారు. ముందు రోజే నాకు గుబులు పట్టుకుంది. ఇంతకుముందు రుచిత చంటిది, ఇప్పుడు అన్నీ తింటుంది. అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, రేపు మా అత్త బిడ్డకు తినిపిస్తే ఎట్ల?"

"ఎట్లా ఏంటమ్మా? విగ్రహానికి పెట్టింది అది. బిడ్డకి తెలీదు, నీకు తెలుసు కదా! దాని నోట్లో పడితే దేవుడు నిన్నే అడుగుతాడు."

"అత్త బాధపడ్తదేమో."

"అత్తకి భయపడతావా, దేవుడికి భయపడతావా? విడుదల పొంది మళ్ళీ బానిసవవుతావా?"

బిడ్డ ఆయాసం గుర్తొచ్చింది. దేవుడు నన్ను అడగడమంటే ఎలా అడుగుతాడో నాకు తెలుసనిపించింది.

మర్నాడు అత్త నెత్తిన బోనం పెట్టుకుని దిగి వెళ్ళి, పోచమ్మ తల్లికి సాక నీళ్ళు పోసి, మొక్కు చెల్లించి వచ్చింది. చుట్టాలు, పక్కింటి వాళ్ళు చాపల మీద కూర్చున్నారు. నేను లోపల ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. రుచిత ఎప్పుడు జారుకుందో చూడలేదు. బయటికి వచ్చేసరికి నానమ్మ ఒళ్ళో ఉంది. అత్త చిన్న స్టీలు గిన్నెలోంచి మెత్తటి ముక్క తుంచి, అన్నంలో పిసికి, ఊది, దాని నోట్లో పెట్టింది.

నేను ఉరికాను. బిడ్డ దవడ పట్టుకుని, వేలు లోపలికి పోనిచ్చి, ముద్దను బయటికి లాగాను. అది ఉక్కిరిబిక్కిరై అత్త చీర మీద కక్కి ఏడ్చింది.

"గిదేందే!" అన్నాడు సంగయ్య మామ. "కుక్క నోట్లది సుత గుంజరు గదనే!"

"ఇషం పెడుతున్నదా నీ అత్త?" అంది లక్ష్మీనరసమ్మ.

పక్కింటి వాళ్ళు పళ్ళేలలో చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయారు. అత్త ముద్ద పెట్టిన తన కుడి చేతిని కాసేపు చూసుకుంది. లేచి కడుక్కుంది. తెల్లవారి తమ్ముడి వెంట సంగారెడ్డి వెళ్ళిపోతూ, "తాళంచెవి గూట్ల ఉన్నది" అని గోడతో చెప్పింది.

"నీ దేవుని సంగతి నాకు తెల్వదు" అన్నాడు పవన్ ఆ రోజు. "మనిద్దరం డ్యూటీకి పోతే బిడ్డను ఎవరు చూడాలె? మీ అక్క వస్తదా?"

అక్కను అడిగాను. "నాకు పరిచర్య ఉంది కదమ్మా, దేవుడే దారి చూపిస్తాడు" అంది. ఆ వారమే నా చేతికి మైకు ఇచ్చింది.

నేను పని మానేశాను. రుచిత అన్నం చూస్తే పెదాలు బిగించేది. నా వేలు దాని మూతి దగ్గరికి పోతే చాలు, మొహం పక్కకు తిప్పేది. "నానమ్మ పెడ్తది" అనేది. పక్కటెముకలు తేలుతున్నట్టు అనిపించి స్నానం చేయించేటప్పుడల్లా తడిమి చూసేదాన్ని. అత్తకు ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. పవన్ వెళితే, "కోడలు రానీ, నువ్వెందుకొచ్చినవ్" అని పంపించింది.

నాకు ఒక్కదాన్నే పోవడానికి భయమేసింది. అక్క వెంట ఉంటే బాగుండుననిపించింది. తప్పు ఏమైనా ఉంటే ఆమె మాటల్లో సర్ది చెబుతుంది, అత్తను తీసుకొస్తుంది. శ్రావణ మాసం, శుక్రవారం, రుచితను ఎత్తుకుని పటాన్‌చెరు బయల్దేరాను. అక్క ఫోన్ ఎత్తలేదు. శుక్రవారం హాలు ఊడ్పించడానికి వస్తుంది కదా అని అక్కడికే పోయాను. హాలుకు తాళం వేసి ఉంది. కింద దుకాణం వెనకున్న ఇంటి గుమ్మానికి మామిడాకులు, గడప ముందు చాలా చెప్పులు. వాటిలో అక్క చెప్పులు ఉన్నాయి. ఎడమ చెప్పు పట్టీకి వేరే రంగు దారంతో కుట్టు వేయించింది నేనే.

రంగయ్య సేటు భార్య అరుణాదేవి నన్ను చూసి ఎదురొచ్చింది.

"రా బిడ్డా! మీ అక్క కోసమేనా? లోపలనే ఉన్నది. సత్యనారాయణ వ్రతం చేసుకున్నం. మీ పైనోళ్ళు మా దగ్గర తినరంట గదా! మీ అక్కకు మటుకు ఏం పట్టింపు లేదమ్మా. ఏటా వస్తది. మా ప్రసాదమంటే పాణం ఆమెకు."

ఏటా.

వీరలక్ష్మక్క చాప మీద కూర్చుని ఉంది. చేతిలో దొన్నె, వేళ్ళకు నెయ్యి. "ఈసారి అరుణగారు జీడిపప్పు కాస్త తగ్గించారండీ" అని ఎవరితోనో నవ్వుతోంది. నన్ను చూసింది. నవ్వు అలాగే ఉంది, చేయి మాత్రం నోటి దగ్గర ఆగింది. తర్వాత ఆ చేయి తన దారిన తను నోట్లోకి వెళ్ళింది. ఆమె నమిలి, మింగి, దొన్నె మడిచి పక్కన పెట్టి, "పద, పైకి పోదాం" అంది.

హాలు మెట్ల మీద కూర్చున్నాం. రుచిత నా ఒళ్ళో ఉంది.

"నువ్వు తిన్నవ్ అక్కా."

"తిన్నాను. అయితే? విగ్రహం వట్టిదమ్మా. లేనిదానికి పెట్టినా అది మామూలు తిండే. తింటే పోయేది లేదు, మానితే వచ్చేది లేదు. వాక్యంలోనే ఉంది, చదువుకో. ఎదిగినవాళ్ళకి ఆ స్వాతంత్ర్యం ఉంది."

"మరి నాకు?"

"నువ్వింకా పసిదానివి విశ్వాసంలో. నీకీ మాట చెబితే ఇవాళ ప్రసాదమంటావు, రేపు కొబ్బరికాయ కొడతావు. అందుకని కట్టు పెట్టాను. మెట్ల దగ్గర చంటిపిల్ల ఉంటే బల్ల అడ్డం పెట్టమా? అలాగే."

"నేను నా బిడ్డ నోట్లకెళ్ళి ముద్ద తీసిన అక్కా."

"అంత పని చెయ్యమని నేనన్నానా?"

నాకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"వేలు పెట్టి లాగమని ఎవరన్నారు? తెలివిగా బిడ్డని పక్కకి తీసుకెళ్ళాల్సింది. అంతమందిలో పెద్దావిణ్ణి..." అని నాలుక చప్పరించింది అక్క. చప్పరిస్తే ఇంకా తీపి తగిలి ఉంటుంది.

"గంత తప్పయితే గా ఆదివారం నాకు మైకు ఎందుకిచ్చినవ్? చప్పట్లెందుకు కొట్టిచ్చినవ్?"

"అది వేరే. సంఘం బలపడాలి కదా." అక్క గొంతు మెత్తబడింది. "చూడమ్మా, అరుణగారు ప్రేమగా పిలిచారు. హాలు వాళ్ళది. కాదంటే నొచ్చుకుంటారు. నొప్పించకూడదు."

"వాళ్ళను నొప్పియ్యొద్దు. మా అత్తను నొప్పియ్యొచ్చా?"

"గొంతు తగ్గించు, కింద వినబడుతుంది."

నేను లేచాను. అక్క నా కొంగు పట్టుకుంది. ఏదైనా మంచి మాట చెబుతుందేమోనని ఆగాను. సంగారెడ్డి వస్తానంటుందేమోనని కూడా.

"ఈ సంగతి మన సోదరీలకి చెప్పకు. బలహీనులు తొట్రిల్లుతారు" అంది.

హైవే మీద సంగారెడ్డి బస్సు ఎక్కాను. రుచిత కిటికీ దగ్గర నిద్రపోయింది. అక్క చెప్పిన భాగం నా ఫోన్‌లోని బైబిల్లో వెతికాను. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను. కండక్టర్ రెండుసార్లు టికెట్ అడిగితే గానీ వినబడలేదు. అక్క చెప్పిన మాటలు అక్కడ ఉన్నాయి. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ ఆ మాటల కిందనే ఇంకో మాట ఉంది. నాకు అర్థమైనంతలో చెబుతాను. నీకున్న స్వాతంత్ర్యం పక్కవాడి కాళ్ళకు అడ్డం పడకుండా చూసుకో, వాడు బలహీనుడైతే మరీ చూసుకో, ప్రభువు ప్రాణం పెట్టింది వాడి కోసం కూడా అని. అక్క అక్కడిదాకా చదవలేదేమో అనుకుందామని చూశాను. కానీ అక్కకు ఆ పేజీ అంతా కంఠతా వచ్చు. నేనే ఎన్నోసార్లు విన్నాను.

కంది ఊరు దాటుతుంటే, అక్కడి పెద్ద కాలేజీ గేటు, పక్కన నాటేసిన పొలాలు కనబడ్డాయి. నాకు దేవుడి మీద కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఆయన గొంతంటే నా చెవుల్లో అక్క గొంతే వినబడేది. ఇప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే భయంగా ఉంది.

సంగయ్య మామ ఇల్లు పాత జైలు వెనక గల్లీలో. వాళ్ళ వాడలో బోనాలు శ్రావణంలో చేస్తారు, ఆ రోజే అయ్యాయి. వాకిట్లో పసుపునీళ్ళు, మూల కడిగి బోర్లించిన బోనం కుండ. అత్త అరుగు మీద పళ్ళెంలో బెల్లమన్నం పెట్టుకుని కూర్చుంది. రుచిత నా చేయి విడిపించుకుని ఉరికి ఆమె ఒళ్ళో పడింది. అత్త దాని వీపు తడిమింది, పక్కటెముకలు తడిమింది.

"బక్కగైంది" అంది. నా వైపు చూడలేదు.

"తింటలేదత్తా. నువ్వు ఇంటికి రా."

"ఎందుకు రావాలె? ఆయాకు జీతమియ్యక్కర లేదనా?"

"వచ్చె వచ్చె, పోలీసు వచ్చె" అంది లోపలి నుంచి లక్ష్మీనరసమ్మ. "మన నోర్లు సుత వెతుకుతదేమో, జెర మూతులు మూసుకోన్రి."

"నువ్వాగు" అంది అత్త. తర్వాత నాతో, నెమ్మదిగా, "మీ అక్క చెప్పిందా పొమ్మని?" అని అడిగింది.

"లేదు. ఆమె..." అక్క ప్రసాదం తిన్న సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఏం చేసుకోను? ముద్ద లాగిన వేలు నాది. "నేనే వచ్చిన. తప్పయింది అత్తా."

అత్త వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆనాడు బిడ్డకు పెట్టింది ఏ గిన్నెలదో చూసినవా?"

చిన్న స్టీలు గిన్నె. చూశాను.

"తల్లికి పెట్టకముందు మా ఇంట్ల ఎవ్వరు ముట్టరు. మా అత్త ఉంటే నా చెయ్యి ఇరగ్గొట్టేది. నీకు, బిడ్డకు అని మొక్కకముందే ఒక గిన్నెల తీసి మూలకు పెట్టిన. తల్లీ, పిల్లలున్న ఇల్లు, కండ్లు మూసుకో అని దండం పెట్టుకున్న. నీ దేవునికి ఎంగిలి కావొద్దని. గదే గిన్నె."

"ముందుగాల చెప్పకపోతివి అత్తా!"

"పది మందిల ఎట్ల చెప్పాలె? తల్లి కన్నా ముందు కోడలికి తీసిన అని చెప్పాల్నా? గా ఆడోళ్ళు నన్ను బతకనిస్తరా?" అంది అత్త. "తల్లికి భయపడ్డ. నీకు సుత భయపడ్డ. రెండు దిక్కులా చెడ్డ."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. తినే స్వేచ్ఛ ఉన్న మనిషి చాటుగా తిని నన్ను కట్టేసింది. ఆ స్వేచ్ఛ ఏమాత్రం లేని మనిషి నా కోసం కట్టు తెంపింది. నేను చప్పట్లు కొట్టించుకున్నది ఎవరి మీద?

ఫోన్ మోగింది. వీరలక్ష్మక్క. మోగి మోగి ఆగింది. వెంటనే మెసేజ్ వచ్చింది. ఆదివారం కొత్త సోదరీలు వస్తున్నారట, నీ సాక్ష్యం మళ్ళీ చెప్పాలమ్మా అని ఉంది.

"ఎవరు?" అంది అత్త.

"ఎవరు కాదు" అన్నాను.

రుచిత పళ్ళెం వైపు చూసి నోరు తెరిచింది. "నానమ్మా, పెట్టు." అత్త చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇంటికి వస్త" అంది నాతో. "బిడ్డ కోసం వస్త. గానీ నా చెయ్యి ఇగ దాని నోటికాడికి రాదు. నువ్వే పెట్టుకో. నీ ఇష్టమున్నది పెట్టుకో, ఇష్టం లేనిది తీసేసుకో."

బిడ్డ నోరు అలాగే తెరిచి ఉంది. ఆ పళ్ళెంలోది పొద్దున తల్లికి పెట్టిన బోనం అన్నమే. ఈసారి ముందే తీసిన గిన్నె ఏదీ లేదు, ఉంటుందని అనుకునే దారి కూడా లేదు. తినడం తప్పో కాదో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. అక్కను అడగడానికి లేదు. నేనే తేల్చుకోవాలి.

అత్త ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ముందుగాల నాకు పెట్టు అత్తా" అన్నాను.

అత్త కదల్లేదు. నేను నోరు తెరుచుకునే ఉన్నాను. రుచితకు అది ఆటలా అనిపించినట్టుంది. కిసుక్కున నవ్వి, పళ్ళెంలో చేయి పెట్టి, గుప్పెడు అన్నం తీసి నా నోట్లో కుక్కింది. సగం గడ్డం మీద, సగం జాకెట్టు మీద పడింది. లోపలికి పోయిన నాలుగు మెతుకులు నాలుక మీద తియ్యగా ఉన్నాయి. మింగుడుపడటం లేదు.

లక్ష్మీనరసమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. అత్త నా గొంతు వైపే చూస్తోంది.

"మింగు" అంది.